ఉపకళా కణజాలం – అంగిలి మీది పొర

మన చర్మం పైపొర, నోరు, పేగులు, శ్వాసనాళాల లోపలి పొర – ఇవన్నీ ఉపకళా కణజాలమే. ఇందులో కణాలు ఇటుకల్లా దగ్గరదగ్గరగా అతుక్కుని ఉంటాయి. రక్తనాళాలుండవు, అడుగునున్న పొర నుండే పోషణ అందుతుంది.

చోటును బట్టి ఆకారం మారుతుంది. ఊపిరితిత్తుల గాలిగదుల్లో ప్రాణవాయువు సులువుగా దాటేలా పలుచని కణాలు ఒకే వరుసలో ఉంటాయి. పేగుల్లో స్తంభాల వంటి కణాలు ఆహారసారాన్ని పీల్చుకుంటాయి. 3 నుండి 5 రోజుల్లో రాలి కొత్తవి వస్తాయి. శ్వాసనాళంలో కణాలకు సన్నని నూగు ఉండి కఫాన్ని పైకి నెడుతుంది. పొగ ఈ నూగును పాడుచేస్తుంది.

రాపిడి తగిలే నోటిలో, చర్మంలో చదునైన కణాలు అనేక వరుసలుగా ఉంటాయి. పై వరుస రాలితే కిందిది పైకి వస్తుంది. ఇంత గట్టి పొర కూడా అడ్డపొగకు తట్టుకోలేదు. శ్రీకాకుళం, విశాఖ తీర గ్రామాల్లో కొందరు, ముఖ్యంగా పెద్ద వయసు స్త్రీలు, చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని తాగుతారు. ఆ వేడికీ పొగకూ అంగిలి పొర మందమై తెల్లబడుతుంది. కొందరిలో అది క్యాన్సర్‌గా మారుతుంది. మొదట్లో నొప్పి ఉండదు, అదే మాకు దిగులు.

ఇంట్లో నాయనమ్మకో అమ్మమ్మకో ఈ అలవాటుంటే వెలుతురులో నోరు తెరిపించి చూడండి. తెల్లమచ్చ, ఎర్రమచ్చ, రెండు వారాలైనా మానని పుండు కనబడితే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. కట్టుడుపళ్లుంటే తీయించి మరీ చూడండి.