విత్తుటకు ముందు నీటి లెక్క

జనులకు, భూమికి, వనరులకు గల సంబంధమును పరిశీలించునది మానవ భూగోళ శాస్త్రము. ఇది పండితులకే పరిమితము కాదని మనము గ్రహింపవలెను. 2003 మొదలు కొన్నేండ్లపాటు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సహాయముతో, నాటి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాలలో రైతులే ఈ పరిశీలన సాగించిరి. వర్షమాపకముతో వాన కొలిచిరి. బావులలోని నీటిమట్టమును పుస్తకమున వ్రాసిరి. రబీకి ముందు సమావేశమై, ఉన్న నీరెంత, వేయదలచిన పంటలకు వలయు నీరెంత అని లెక్క చూచిరి. నీరు చాలదని తేలినచోట పలువురు వరి తగ్గించి ఆరుతడి పంటలు వేసిరి. నిర్బంధించినవారు లేరు, లెక్కయే దారి చూపినది.

భూగర్భజలమునకు పొలముగట్లు లేవు. ఒకరు అతిగా తోడినచో పొరుగువాని బావి యెండును. కావున వానను, బోర్ల సంఖ్యను, సాగు విస్తీర్ణమును ఒకే పుస్తకమున వ్రాయించి, విత్తుటకు ముందే గ్రామసభలో చదివించుడని పంచాయతీ సభ్యులకు మా మనవి.