లెక్కల వీడియో, పక్కన మీరు

పిల్ల ఇంగ్లండ్‌లో ప్రైమరీ స్కూల్లో చేరిన కొన్నాళ్లకు లాగిన్ వివరాల చీటీలు ఇంటికి రావడం మొదలవుతుంది. ఒకటి టైమ్స్ టేబుల్స్ రాక్ స్టార్స్‌కి, ఇంకొకటి మరేదో లెక్కల యాప్‌కి. క్లాసులో తెర మీద వైట్ రోజ్ మ్యాథ్స్ వీడియో, ఇంటికొచ్చాక ట్యాబ్లెట్. హారోలో ఉన్నా, స్లౌలో ఉన్నా మనవాళ్లు అడిగేది ఒకటే: "నోట్‌బుక్కులో ఏమీ కనబడదు, అసలు లెక్కలు చెబుతున్నారా?" చెబుతున్నారు, ఆ విషయంలో కంగారు అక్కర్లేదు. పిల్ల వీడియో చూసేసి "నాకు వచ్చేసింది" అని లేచిపోతున్నప్పుడు మాత్రం కాస్త ఆగి చూడాలి.

వీడియోలో లెక్క చేసే మనిషి తడబడడు. చూస్తున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. పెన్సిలు చేతికిస్తే మొదటి మెట్టు దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. పిల్ల బద్ధకించిందనుకోకండి, చూడడం వేరు, చేయడం వేరు. అందుకే లెక్క తెర మీదికి రాగానే, జవాబు చెప్పకముందే, వీడియో ఆపేయండి. కాగితం మీద చేయనివ్వండి, తప్పయినా సరే. ఆ తర్వాత మిగతా వీడియో చూస్తే తను ఎక్కడ దారి తప్పిందో చాలాసార్లు తనే పట్టుకుంటుంది. పది నిమిషాల వీడియోకి అరగంట పడితే పట్టనివ్వండి.

సెకండరీ స్కూళ్లు చాలా చోట్ల వాడే స్పార్క్స్ మ్యాథ్స్‌లో ఇందుకో ఏర్పాటుంది. ప్రతి ప్రశ్నకూ ఒక కోడ్ ఇస్తారు. పిల్లలు ఆ కోడ్ వేసుకుని, లెక్క మెట్లన్నీ పుస్తకంలో రాసుకుని, అప్పుడు జవాబు కొట్టాలి. కాసేపయ్యాక స్పార్క్స్ ఉన్నట్టుండి అడుగుతుంది: ఫలానా కోడ్ దగ్గర నువ్వు రాసుకున్న జవాబేది? రాసుకోకపోతే చిక్కే. పిల్లలకు ఇది మహా చిరాకు. మీ అబ్బాయి విసుక్కున్నప్పుడు మీరూ వంత పాడకండి. "ఏదీ నాన్నా, ఆ పుస్తకం తే, చూద్దాం" అనండి. తెర మీద కనబడే వంద శాతం కంటే ఆ పేజీలోని కొట్టివేతలు మీకు ఎక్కువ చెబుతాయి.

ఇక ఎక్కాలు. ఇంగ్లండ్‌లో ఇయర్ ఫోర్ పిల్లలకు 2022 నుంచి ప్రభుత్వ స్కూళ్లలో జూన్ నెలలో ఎక్కాల పరీక్ష తప్పనిసరైంది. తెర మీదే రాయాలి. 25 ప్రశ్నలు, ఒక్కో దానికి 6 సెకన్లు, పన్నెండో ఎక్కం దాకా. పాస్ మార్కు అంటూ లేదు. ఇక్కడ మన చేతిలో మంచి ఆస్తి ఉంది. "ఏడెనిమిదులు యాభై ఆరు" అని తాతయ్య ఫోన్‌లో లయగా చెప్పిస్తే అది నోట్లో నిలిచిపోతుంది. తెర అడిగేది అంకెను మాత్రమే, ఏ భాషలో గుర్తుకొచ్చిందో దానికి అనవసరం. ఎక్కాల సాధనకు రాక్ స్టార్స్ ఆట కూడా ఉంది, దాన్ని కట్టింది లండన్‌లో లెక్కలు చెప్పిన టీచరే, బ్రూనో రెడ్డి. రోజూ కాసేపు ఆడితే మంచిదే. కానీ "ఫలానా వాళ్లమ్మాయి రాక్ హీరో అయిపోయిందట, నువ్వింకా ఎక్కడున్నావ్?" అనొద్దు, దయచేసి. గడియారం చూసి భయపడే పిల్లకు తెలిసిన జవాబు కూడా గొంతు దాటదు. ఏ ఎక్కం దగ్గర తడబడుతోందో చూసి, దాన్ని గడియారం లేకుండా అడగండి.

పద్ధతుల గొడవ ఇంకోటి. 27ని 14తో హెచ్చించమంటే బడిలో పిల్ల నాలుగు గళ్లు గీస్తుంది: 20, 7 పైన, 10, 4 పక్కన. గళ్లలో 200, 70, 80, 28. అన్నీ కలిపితే 378. మనకేమో ఒకదాని కింద ఒకటి రాసి చేయడం అలవాటు. "ఇంత చాంతాడెందుకు, ఇలా చెయ్యి" అంటాం. "నాన్నా, మా మిస్ అలా చెప్పలేదు" అని పిల్ల ముఖం ముడుచుకుంటుంది. ముందు తన పద్ధతి మీకు నేర్పమనండి. తను నేర్పిన తర్వాత మీ పద్ధతిలో చేసి చూపించండి. మీరు రాసే మొదటి వరస 108, అంటే తన 80, 28. రెండో వరస 270, అంటే తన 200, 70. రెండూ ఒకటేనని తన కళ్లతో చూసుకున్న పిల్లకు హెచ్చవేత ఎలా పనిచేస్తుందో ఏ వీడియో చెప్పనంత బాగా తెలుస్తుంది. ఇక్కడ తొందరపడొద్దని మరీ మరీ చెబుతున్నాను.

చిన్న పిల్లలైతే 2017లో సీబీబీస్ ఛానెల్‌లో మొదలైన నంబర్‌బ్లాక్స్ కార్టూన్ చూపించండి, బాగుంటుంది. కానీ ఎపిసోడ్ అయ్యాక బ్లాకులు ముందు పోసి ఐదును ఎన్ని రకాలుగా విడగొట్టొచ్చో చేయించండి. క్లాసులో తొందరగా ముగించి కూర్చునే పిల్లలకు కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వాళ్ల ఎన్‌రిచ్ వెబ్‌సైట్‌లో ఉచితంగా బోలెడు సమస్యలున్నాయి. వేగంతో పనిలేదు, ఒక్క దాని మీదే ఆదివారం గడిచిపోవచ్చు. బడిలో పాఠం తప్పిపోతే 2020 లాక్‌డౌన్‌లో మొదలైన ఓక్ నేషనల్ అకాడమీ వీడియోలు ఉన్నాయి.

ఒక్కటి మాత్రం ఎప్పుడూ చేయొద్దు. రాత్రి తొమ్మిదైంది, పిల్ల ఏడుస్తోంది, రేపటికి హోంవర్క్ పూర్తి కావాలి అని మీరే లాగిన్ అయి కొట్టేయకండి. టీచరుకు కనబడేది ఆ మార్కులే. పిల్లకు వచ్చేసిందనుకుని ముందుకు వెళ్లిపోతారు. దానికి బదులు "ఇరవై నిమిషాలు ప్రయత్నించింది, భిన్నాలు కూడే దగ్గర ఆగిపోయింది, సాయం కావాలి" అని టీచరుకు రెండు ముక్కలు రాసి పంపి, పిల్లను పడుకోబెట్టండి.