పాత కారునకు ఆల్టర్నేటరు: తీగెల విషయమున తెలిసికొనవలసిన సంగతులు

గ్రామములో ఒక్క కారే యున్నచోట అది ఒక్క ఇంటి సొత్తుగా నుండదు. అర్ధరాత్రి పురిటినొప్పులు వచ్చినను, పాము కరచినను ఊరివారు ఆ ఇంటి తలుపే తట్టుదురు. అట్టి బండి దీపములారి నడిత్రోవలో నిలిచినచో కలుగు నష్టము రూపాయలతో కొలువదగినది కాదు. డైనమో గల పాత అంబాసిడర్ కార్లలో ఇట్టి ఇబ్బందికి ముఖ్యకారణములలో నొకటి ఆ డైనమోయే. దానిని తీసివేసి ఆల్టర్నేటరు అమర్చుట మేలైన పనియే. కాని యంత్రమును మార్చి తీగెలను మార్చకుండుట మాత్రము ప్రమాదకరము. ఈ పాఠమున ముఖ్యముగా గ్రహింపవలసిన దిదియే.

రెండు యంత్రములకు గల భేదము

అంబాసిడర్ కార్ల తయారీ పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారలో 1950వ దశకము చివర ఆరంభమై 2014లో నిలిచిపోయినది. తొలినాటి కార్లలో డైనమో ఉండెడిది. డైనమోలో విద్యుత్తు తిరుగు భాగమున పుట్టి బ్రష్షుల ద్వారా వెలుపలికి వచ్చును. ఇంజను నెమ్మదిగా తిరుగునప్పుడు దానినుండి వచ్చు విద్యుత్తు మిక్కిలి స్వల్పము. వేగముగా తిరిగినను సుమారు 20 నుండి 22 ఆంపియర్లకు మించదు.

ఆల్టర్నేటరులో విద్యుత్తు కదలక నిలిచియున్న చుట్టలో పుట్టును. అది ఏ.సి. విద్యుత్తు. సిలికాన్ డయోడ్లు దానిని బ్యాటరీకి తగిన డి.సి.గా మార్చును. అమెరికాలో క్రైస్లర్ సంస్థ 1960లో తన వేలియంట్ కారునకు దీనిని అమర్చినది. క్రమముగా ఇతర దేశములందును ఇది వ్యాపించినది. సాధారణమైన ఆల్టర్నేటరు 35 నుండి 65 ఆంపియర్ల వరకు ఇయ్యగలదు. ఇంజను నెమ్మదిగా తిరుగుచున్నను కొంత విద్యుత్తు అందుచునే యుండును.

నేటి అవసరములను లెక్కింతము. 60 వాట్ల ముందుదీపములు రెంటికి 10 ఆంపియర్లు కావలెను. ఇగ్నిషన్ కాయిలు, వైపరు, వెనుక దీపములు, చిన్న ఫ్యాను కలిపినచో మొత్తము 20 ఆంపియర్లను సమీపించును. ఇక బ్యాటరీకి మిగులునదేమి? వానకాలపు రాత్రులందు పాత బండ్లు మొరాయించుటకు కారణ మిదియే.

తీగె యెందుకు కాలును?

చిన్న బోదెలోనికి పెద్ద మోటారు నీరు విడిచినచో గట్టు తెగును. తీగె సంగతియు నంతే. పాత తీగె మందము 2.5 చదరపు మిల్లీమీటర్లు, పొడవు రెండు మీటర్లు అనుకొందము. దానిగుండా 45 ఆంపియర్లు పారినచో సుమారు 0.67 వోల్టు త్రోవలోనే నష్టమగును. 30 వాట్ల వేడి పుట్టును. పాత కట్టలో ఇతర తీగెలతో కలిసి, ఎండి పగిలిన తొడుగులో నున్న తీగె ఈ వేడిని తట్టుకొనజాలదు. అదే పొడవు గల 10 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగెలో నష్టము 0.17 వోల్టు, వేడి సుమారు 8 వాట్లు మాత్రమే.

పని చేయవలసిన క్రమము

మొదట బ్యాటరీ యొక్క ఏ ధ్రువము బండి శరీరమునకు కలుపబడియున్నదో చూడవలెను. 1960వ దశకము నడుమవరకు బ్రిటిష్ పద్ధతి కార్లలో పెక్కింటికి ధనధ్రువమును ఎర్త్‌గా కలుపుచుండిరి. నేడు సామాన్యముగా దొరకు ఆల్టర్నేటర్లకు ఋణధ్రువమే ఎర్త్ కావలెను. ఇది గమనింపక కలిపినచో డయోడ్లు క్షణములో మాడిపోవును. ధ్రువములను మార్చినప్పుడు ఇగ్నిషన్ కాయిలు తీగెలను, అమ్మీటరు తీగెలను కూడ తారుమారు చేయవలెను. రేడియో యున్నచో ముందుగా దానిని విడదీయవలెను.

తరువాత బ్యాటరీ ఎర్త్ తీగెను విప్పియే పని ఆరంభింపవలెను. ఆల్టర్నేటరు పుల్లీ తక్కిన పుల్లీలతో ఒకే వరుసలో నుండవలెను. బెల్టు నడుమ బొటనవ్రేలితో నొక్కినచో సుమారు 12 మిల్లీమీటర్లు వంగుట సరియైన బిగువు.

ఆల్టర్నేటరు లోపలనే రెగ్యులేటరు గలదైనచో పాత కటౌటు పెట్టెతో పనిలేదు. విప్పుటకు ముందే ప్రతి తీగెకును చీటీ కట్టవలెను. డైనమోకు పోవు డి, ఎఫ్ గుర్తుల తీగెలను రెండు కొసలయందును విడదీసి, కొసలు దేనికిని తగులకుండ చుట్టివేయవలెను. బ్యాటరీనుండి వచ్చు ఏ తీగెను, దీపములకు పోవు ఏ1 తీగెను ఒకచోట గట్టిగా కలిపి కప్పవలెను.

ఆల్టర్నేటరుపై బి ప్లస్ అని గుర్తు గల మరనుండి క్రొత్త తీగెను సెల్ఫ్ మోటారు సాలినాయిడుపై బ్యాటరీ తీగె వచ్చు మరకు నేరుగా వేయవలెను. 45 ఆంపియర్ల ఆల్టర్నేటరునకు 10 చదరపు మిల్లీమీటర్ల తీగెయు, బ్యాటరీ వైపు కొసకు దగ్గరగా 60 ఆంపియర్ల ఫ్యూజును తగినవి. పాత అమ్మీటరు గుండా ఈ తీగెను త్రిప్పరాదు. దానికి బదులు వోల్టుమీటరు పెట్టుట మేలు. ఇంజను నుండి చట్రమునకు మందమైన ఎర్త్ పట్టీ యుండవలెను. దాని కొసల వద్ద తుప్పును, రంగును గీకివేయవలెను.

చార్జింగు ఎఱ్ఱదీపము తీగె పూర్వము కటౌటు పెట్టెలోని డి మరకు పోవుచుండెను. ఇప్పుడది ఆల్టర్నేటరుపై డి ప్లస్, ఎల్, లేదా ఐఎన్‌డి అని యున్న మరకు పోవలెను. ఈ దీపము అలంకారము కాదు. దానిగుండా వచ్చు స్వల్ప విద్యుత్తే ఆల్టర్నేటరును మేల్కొలుపును. దీపము మాడినచో కొన్ని ఆల్టర్నేటర్లు చార్జింగు ఆరంభింపవు. ఎల్.ఇ.డి. దీపము పెట్టినను అట్లే జరుగవచ్చును.

పరీక్ష, జాగ్రత్తలు

తాళము త్రిప్పగానే ఎఱ్ఱదీపము వెలిగి, ఇంజను నడచిన పిదప ఆరవలెను. ఇంజను ఆగి కొంతసేపైన తరువాత నిండుగా చార్జి యున్న బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. ఇంజను మధ్యమ వేగమున తిరుగునప్పుడు 13.8 నుండి 14.4 వోల్టుల నడుమ నుండవలెను. 15 వోల్టులు దాటినచో రెగ్యులేటరు చెడినదని తెలియవలెను. దీపములన్నియు వెలిగించి పది నిమిషములు నడిపిన పిదప, ఇంజను ఆపి, తీగె కొసలను చేతితో తాకి చూడవలెను. ఏ కొస యైనను మిక్కిలి వేడెక్కినచో అచ్చట అతుకు సరిగా లేదు.

ఇంజను నడచుచుండగా బ్యాటరీ తీగెను ఎన్నడును విప్పరాదు. డైనమో చార్జింగును ఆ విధముగా పరీక్షించు అలవాటు కొందరు మెకానిక్కులకు గలదు. ఆల్టర్నేటరు విషయమున అది డయోడ్లకు చేటు. బండికి విద్యుత్ వెల్డింగు చేయించునప్పుడు బ్యాటరీ, ఆల్టర్నేటరు తీగెలను ముందుగా విప్పవలెను.

పంచాయతీ సభ్యులకు సూచన

ఈ చివరి జాగ్రత్తలు ట్రాక్టర్లకును వర్తించును. తెలంగాణలో 2019లో ఆరంభమైన పల్లె ప్రగతి క్రింద గ్రామ పంచాయతీలకు ట్రాక్టర్లు సమకూర్చబడినవి. ఆల్టర్నేటరు గల ట్రాక్టరునకు వెల్డింగు పని పడినప్పుడు తీగెలు విప్పించుట మరువరాదు.

పంచాయతీ వాహనపు మరమ్మతు బిల్లు సభముందుకు వచ్చినప్పుడు సభ్యులు నాలుగు ప్రశ్నలు వేయవలెను. వేసిన తీగె మందమెంత? ఫ్యూజు ఎచ్చట నున్నది? ఇంజను ఆగినప్పుడును, నడచునప్పుడును వోల్టులెన్ని? విడదీసిన పాత తీగెల కొసలను కప్పిరా? వీనికి సమాధానములు బిల్లుతోపాటు వ్రాసి యుంచినచో, తరువాత వచ్చు మెకానిక్కునకు పని సులభమగును. పంచాయతీ ధనము రెండుమారులు ఖర్చుకాదు. మందమైన తీగెకు, ఒక ఫ్యూజునకు నేడు పెట్టు ఖర్చు స్వల్పము. అర్ధరాత్రి రోగితో బయలుదేరిన బండి ఆసుపత్రి వాకిటివరకు చేరుటకు ఆ స్వల్పమే ఆధారము కావచ్చును.