మిల్లీమీటరు విలువ

(పాఠ్యాంశ ఉద్దేశం: క్యాన్సరు చికిత్సలో కణపుంజాల వినియోగాన్ని, మోతాదును కచ్చితంగా నిర్ణయించడానికి శాస్త్రజ్ఞులు చేస్తున్న కృషిని విద్యార్థులకు పరిచయం చేయడం.)

మోతాదు మించితే ఔషధమే విషమవుతుంది. ఈ మాట వికిరణ చికిత్సకు అక్షరాలా వర్తిస్తుంది. క్యాన్సరు కణాలను నశింపజేసే కిరణాలే ఆరోగ్యవంతమైన కణాలకూ హాని చేస్తాయి. మోతాదు తగ్గితే వ్యాధి తిరగబెడుతుంది. హెచ్చితే కణితి పక్కనున్న అవయవం దెబ్బతింటుంది. ఒక కిలోగ్రాము ద్రవ్యం గ్రహించిన ఒక జౌలు శక్తిని 'ఒక గ్రే' అంటారు. కణితికి ఎన్ని గ్రేలు అందాలో నిర్ణయించడం ఒక ఎత్తు. అవి కణితికే అందేటట్లు చూడడం మరొక ఎత్తు.

1895లో రాంట్‌జెన్ కనుగొన్న ఎక్స్-కిరణాలు అనతికాలంలోనే చికిత్సకు సాధనాలయ్యాయి. అయితే వాటికొక స్వభావం ఉంది. అవి చర్మానికి కొద్ది లోతులోనే అధికశక్తిని విడిచి, క్రమంగా క్షీణిస్తూ శరీరం ఆవలివైపునుండి బయటకు పోతాయి. కాబట్టి కణితికి ముందున్న భాగానికీ, వెనకనున్న భాగానికీ కొంత శిక్ష తప్పదు.

ధనావేశం గల ప్రోటాన్ల నడక వేరు. ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాలలో, ఆస్ట్రేలియాలోని అడిలైడ్ నగరంలో విలియం హెన్రీ బ్రాగ్ రేడియం వెలువరించే ఆల్ఫా కణాలను పరిశీలించి ఒక విశేషాన్ని గుర్తించాడు. ఆవేశపూరిత కణం వేగంగా పోతున్నంతసేపు తక్కువ శక్తిని విడుస్తుంది. వేగం తగ్గేకొద్దీ పరమాణువుల చెంత ఎక్కువసేపు నిలిచి, ఎక్కువ శక్తిని వాటికిస్తుంది. చివరకు మిగిలిన శక్తినంతా ఒక్కచోట ధారపోసి ఆగిపోతుంది. ఎక్స్‌ప్రెస్ రైలు దారిలో కొద్దిమందిని దింపి, గమ్యస్థానంలో తక్కినవారినందరినీ దింపినట్లుంటుంది ఈ వ్యవహారం. ఆ ఆఖరి ఘట్టానికే 'బ్రాగ్ శిఖరం' అని పేరు.

దీనిని వైద్యానికి వాడవచ్చునని 1946లో సూచించినవాడు అమెరికా భౌతిక శాస్త్రజ్ఞుడు రాబర్ట్ విల్సన్. అంతకుముందు అతడు లాస్ అలమోస్‌లో అణుబాంబు నిర్మాణంలో పాల్గొన్నవాడు. వినాశనానికి తోడ్పడిన శాస్త్రం ప్రాణరక్షణకు మళ్లడం గమనించదగినది. 1954లో బర్క్‌లీలో ప్రోటాన్లతో తొలి రోగికి చికిత్స జరిగింది. 1990లో కాలిఫోర్నియాలోని లోమా లిండాలో ఆసుపత్రిలోనే ప్రోటాన్ కేంద్రం వెలసింది. 1994లో జపానులోని చిబాలో కార్బన్ అయాన్లతో చికిత్స ఆరంభమైంది.

ప్రోటాను ఎంత లోతున ఆగాలో దాని శక్తి నిర్ణయిస్తుంది. 70 మిలియన్ ఎలక్ట్రాన్ వోల్టుల ప్రోటాను నీటిలో సుమారు 4 సెంటీమీటర్లు పోతే, 150 మిలియన్ల ప్రోటాను దాదాపు 16 సెంటీమీటర్లు పోతుంది. వేర్వేరు శక్తులు గల పుంజాలను మేళవించి, కణితి ఈ అంచునుండి ఆ అంచువరకు మోతాదును సమంగా పరుస్తారు.

అయితే ఈ పదునే ప్రమాదకారణం కూడా. లోతు లెక్కలో కొద్దిపాటి పొరపాటు జరిగినా ఎక్స్-కిరణాల మోతాదు పెద్దగా మారదు. ప్రోటాన్ల విషయంలో అంచు మొత్తం జరిగిపోతుంది. ముందుగా ఆగితే కణితి కొసకు మందు అందదు. దాటి ఆగితే ఆవలి అవయవం పూర్తి మోతాదుకు గురవుతుంది. ఒక బాలుని మెదడులో కణితి ఉన్నదనుకుందాం. దానిని ఆనుకొనే ఊపిరిని, గుండె లయను నియంత్రించే మెదడు కాండం ఉంటుంది. అక్కడ కొన్ని మిల్లీమీటర్ల తేడా ఆ బాలుని భావిజీవితాన్నే మార్చివేయగలదు.

ఈ పొరపాటు ఎక్కడ పుడుతుంది? చికిత్సా ప్రణాళికకు ఆధారం సి.టి. స్కాన్. ఆ చిత్రంలోని ప్రతి బిందువుకు హౌన్స్‌ఫీల్డ్ పేరుతో ఒక సంఖ్య ఉంటుంది. నీటికి సున్న, గాలికి మైనస్ 1000. ఆ సంఖ్య ఎక్స్-కిరణాలను కణజాలం ఎంత అడ్డగిస్తుందో చెబుతుంది. కావలసినదో, ప్రోటాన్లను అది ఎంత అడ్డగిస్తుందన్నది. ఒకదానినుండి మరొకదానిని లెక్కగట్టడంలో అనిశ్చితి తప్పదు. అందువల్ల పుంజం పోవలసిన లోతుకు సుమారు 3.5 శాతం అదనంగా చేర్చడం అనేక కేంద్రాలలో పరిపాటి అయింది. లోతు 20 సెంటీమీటర్లయితే ఆ అదనం 7 మిల్లీమీటర్లు. అది కణితి కాదు, ఆరోగ్యవంతమైన దేహభాగం. ఆ 7 మిల్లీమీటర్లను తగ్గించడానికే ఇంత పరిశోధన.

మొదటి మార్గం రెండు వేర్వేరు శక్తుల ఎక్స్-కిరణాలతో స్కాన్ తీయడం. దీనివల్ల కణజాల స్వభావం మరింత స్పష్టంగా తెలిసి, అనిశ్చితి తగ్గుతుంది. రెండవది మాంటే కార్లో గణన. జూదగృహాలకు ప్రసిద్ధమైన ఒక ప్రాంతం పేరు దీనికి పెట్టారు. లక్షలాది ప్రోటాన్ల ప్రయాణాన్ని సంభావ్యతా సూత్రాలతో ఒక్కొక్కటిగా కంప్యూటరులో అనుసరిస్తే, ఎముక, గాలి, మాంసం కలిసే చోట్ల సులభసూత్రాలు చేసే తప్పులు బయటపడతాయి. మూడవది సన్నని పుంజంతో కణితిని బిందువు వెంట బిందువుగా నింపడం. స్విట్జర్లాండులోని పాల్ షెరర్ సంస్థలో 1996లో ఈ పద్ధతి చికిత్సలో ప్రవేశించింది. నాల్గవది, లెక్క తప్పినా చెడని ప్రణాళిక. రోగి కొద్దిగా కదిలితే, లోతు కొద్దిగా మారితే ఏమవుతుందో ముందే ఊహించి, అన్ని పరిస్థితులలోనూ నిలిచే మోతాదును కంప్యూటరు ఎంచుతుంది.

లెక్క ఎంత సరిగా ఉన్నా శరీరం నిశ్చలం కాదు. శ్వాసతో ఊపిరితిత్తి కదులుతుంది. ప్రేగులలో వాయువు చేరుతుంది. వారాలు గడిచేకొద్దీ రోగి చిక్కిపోతాడు. అందుకే నడుమ మళ్లీ స్కాన్ తీసి ప్రణాళికను సవరిస్తారు. ప్రోటాన్లు కేంద్రకాలను తాకినప్పుడు వెలువడే గామా కిరణాలను పట్టి, పుంజం నిజంగా ఎక్కడ ఆగిందో కనిపెట్టే పరికరాలను కూడా రూపొందించారు.

మరొక చిక్కు ఉంది. ఎక్స్-కిరణాలకంటే ప్రోటాన్ల ప్రభావం 1.1 రెట్లని వైద్యులు లెక్కిస్తారు. కాని ప్రయాణం ముగిసే చోట అది అంతకంటే హెచ్చుగా ఉంటుంది. కాబట్టి అనుభవజ్ఞుడైన ప్రణాళికాకర్త పుంజాలన్నింటినీ మెదడు కాండం అంచునే ఆగేటట్లు అమర్చడు. దిశ మార్చి పక్కనుండి పంపుతాడు. తన సాధనం పదునును ఎంతవరకు నమ్మవచ్చునో తెలియడం కూడా నైపుణ్యమే.

మన దేశంలో 2019లో చెన్నైలో, 2023లో నవీ ముంబైలోని టాటా మెమోరియల్ కేంద్రంలో ప్రోటాన్ చికిత్స ఆరంభమైంది. దీనికి భారీ యంత్రాలు, అపారధనం అవసరం. అన్ని క్యాన్సర్లకూ ఇది అక్కరలేదు. ఎన్నింటికో ఎక్స్-కిరణ చికిత్సే చాలును. ఎవరికి అవసరమో గుర్తించి వారికి అందుబాటులోకి తేవడమే ముందున్న కర్తవ్యం. కంటికి ఆనని కణాన్ని, కంటికి కనిపించని చోట, అనుకున్న మిల్లీమీటరులో ఆపాలనే ఈ తపన వెనక ఉన్నది ఒక నిండు ప్రాణం పట్ల మానవునికి గల గౌరవం.

అర్థాలు

పుంజం = రాశి, సమూహం
అనతికాలం = కొద్దికాలం
అనిశ్చితి = కచ్చితంగా చెప్పలేని స్థితి
పరిపాటి = వాడుక, ఆనవాయితీ
సంభావ్యత = జరగడానికి గల అవకాశం

ప్రశ్నలు

1. బ్రాగ్ శిఖరం అనగానేమి? దానిని పాఠంలో దేనితో పోల్చారు?
2. ప్రోటాన్ల పదునే ప్రమాదకారణమని ఎందుకు అన్నారు?
3. మోతాదు కచ్చితత్వాన్ని పెంచే మార్గాలను వివరించండి.