ఆపరేషన్ అయింది - ఇక ఇంటిదగ్గర ఏం చెయ్యాలి?

అమ్మా! ఇక పిల్లలు చాలనుకున్నారు. ఇంట్లోవాళ్ళతో మాట్లాడుకుని కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నారు. డాక్టరుగారి పని కొద్దిసేపట్లో అయిపోయింది. ఇక మిగిలింది మీ పని, మీ ఇంటిల్లిపాది పని. అది రెండు వారాల పని. అది కూడా సవ్యంగా జరిగితేనే ఆపరేషన్ పూర్తయినట్టు. అందుచేత ఈ కాగితాన్ని మీరొక్కరే చదువుకోవద్దు. మీ అత్తగారికీ, అమ్మగారికీ, మీవారికీ చదివి వినిపించండి.

లోపల ఏం జరిగింది?

గర్భసంచికి అటూ ఇటూ రెండు సన్నని గొట్టాలుంటాయి. ఆడవారి అండం ఈ గొట్టాల గుండానే గర్భసంచిలోకి వస్తుంది. కోత ఆపరేషన్లో ఈ గొట్టాలను ముడివేసి కత్తిరిస్తారు. లాప్రోస్కోపిక్ ఆపరేషన్లో చిన్న రింగు తొడిగి మూసేస్తారు. గర్భసంచిని తీసెయ్యరు. కాబట్టి ముట్టు ఎప్పటిలాగే వస్తుంది. ఆడతనం ఎక్కడికీ పోదు.

పైకి కనిపించేది చిన్న గాయమే. అది చూసి చాలామంది "చిన్న ఆపరేషనే కదా!" అని మూడోనాడే కలుపుకు పోతారు. కాని గాయం చిన్నదైనా అది పొట్ట లోపలిదాకా ఉన్న గాయం. పైన ఆరినంత మాత్రాన లోపల మానినట్టు కాదు.

మొదటి రెండు రోజులు

ఇంటికి రాగానే పడుకోండి. ఆ రోజంతా విశ్రాంతే. మత్తు పూర్తిగా దిగేదాకా ఎవరో ఒకరు పక్కన ఉండాలి. అలాగని మంచానికే అతుక్కుపోనక్కర్లేదు. మర్నాటినుంచి మెల్లగా లేచి ఇంట్లో నాలుగడుగులు వెయ్యండి.

పొట్టలో కొంచెం నొప్పి ఉండడం సహజం. లాప్రోస్కోపిక్ ఆపరేషన్ అయినవారికి ఒకటి రెండు రోజులు భుజాలు కూడా లాగుతాయి. "పొట్టకు ఆపరేషన్ చేస్తే భుజం నొప్పేమిటి?" అని కంగారు పడకండి. ఆపరేషన్ అప్పుడు పొట్టలోకి గాలి ఎక్కిస్తారు. దాని వల్ల వచ్చే నొప్పి అది. దానంతటదే తగ్గుతుంది. ఆస్పత్రిలో ఇచ్చిన మాత్రలనే చెప్పిన ప్రకారం వేసుకోండి. కిళ్ళీకొట్లో దొరికే నొప్పి బిళ్ళలు మింగొద్దు. వాటిలో కొన్ని రక్తాన్ని త్వరగా గడ్డకట్టనివ్వవు.

చంటిబిడ్డ ఉంటే పాలు మామూలుగానే ఇవ్వండి. ఆపరేషన్ వల్ల పాలు చెడిపోవు. బిడ్డను ఎవరైనా ఎత్తి మీ పక్కన పడుకోబెడితే మీ పొట్టమీద బరువు పడదు.

పథ్యం పేరుతో కడుపు మాడ్చొద్దు

మన ఊళ్ళల్లో కోత కోసిన మనిషికి పప్పు పెట్టరు, చీము పడుతుందంటారు. నీళ్ళు కూడా లెక్కబెట్టి ఇస్తారు. కారప్పొడి అన్నంతో వారం గడిపిస్తారు. పెద్దవాళ్ళు ప్రేమతోనే చేస్తారు, కాని ఇది తప్పు. చీము పప్పువల్ల పట్టదు, గాయంలో క్రిములు చేరితే పడుతుంది. గాయం మానాలంటే ఒంటికి బలం కావాలి. పప్పు, ఆకుకూర, గుడ్డు, పాలు, పెరుగు ఏది ఉంటే అది తినండి. దాహమైనంత మేరకు కాచి చల్లార్చిన నీళ్ళు తాగండి. ఇవి తగ్గితే విరేచనం గట్టిపడుతుంది. ముక్కితే గాయం మీద ఒత్తిడి పడుతుంది.

కట్టు, కుట్లు

ఒక రోజు గడిచాక స్నానం చెయ్యవచ్చు. కాని కట్టు తడవకూడదు. తడిస్తే ఏ.ఎన్.ఎం. గారి దగ్గర మార్పించుకోండి. కట్టు విప్పి చూసుకోవడం, గాయాన్ని గోకడం, పసుపు గాని, పసరు గాని, బూడిద గాని పెట్టడం - ఇవేవీ చెయ్యొద్దు. చీరకుచ్చెళ్ళు, లంగా బొందు గాయం మీద పడకుండా వదులుగా కట్టుకోండి.

రెండు రోజుల్లోగా ఏ.ఎన్.ఎం. గాని, ఆశా కార్యకర్త గాని మీ ఇంటికి రావాలి. రాకపోతే మీరే కబురు పెట్టండి. ఏడోనాడు కుట్లు విప్పించుకోవడానికి ఆరోగ్య కేంద్రానికి తప్పకుండా వెళ్ళండి. "నొప్పి లేదుగా, ఇంకెందుకు?" అనుకోవద్దు.

ఎప్పుడు ఏ పని?

రెండు రోజుల తర్వాత తేలిక పనులు చేసుకోవచ్చు. కూర తరగడం, బియ్యం ఏరడం, పిల్లలకు అన్నం పెట్టడం వంటివి. బిందె ఎత్తడం, కట్టెలమోపు, గడ్డిమోపు, పిండి రుబ్బడం - వారం రోజులు వీటి జోలికి పోవద్దు. ఆ తర్వాత కొంచెం కొంచెంగా పెంచుకుంటూ రెండు వారాలకు మామూలు పనుల్లోకి రావచ్చు.

భార్యాభర్తలు కలవడానికి కనీసం ఒక వారం ఆగాలి. కాన్పు వెంటనే ఆపరేషన్ అయినవారు రెండు వారాలు ఆగాలి. అప్పటికీ నొప్పి ఉంటే ఇంకొన్నాళ్ళు ఆగండి.

ఈ గుర్తులు కనబడితే తెల్లారేదాకా ఆగవద్దు

1. జ్వరం 100 డిగ్రీలు దాటడం, చలితో వణుకు.
2. పొట్టనొప్పి తగ్గకపోగా రోజురోజుకూ ఎక్కువ కావడం.
3. పొట్ట ఉబ్బడం, వాంతులు ఆగకపోవడం.
4. గాయం ఎర్రబడి వాచడం, చీము గాని రక్తం గాని కారడం.
5. కళ్ళు తిరిగి పడిపోవడం.

వీటిలో ఒక్కటి కనబడినా 108కి ఫోన్ చెయ్యండి. ఆపరేషన్ ఎన్నో తారీఖున, ఎక్కడ అయిందో మొదటనే చెప్పండి.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నామంటే - 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి ఈ ఆపరేషన్ చేశారు. ఆ తర్వాతి రోజుల్లో నలుగురు తల్లులు చనిపోయారు. తప్పు ఆ తల్లులది కాదు. గదినీ పనిముట్లనూ శుభ్రంగా ఉంచే బాధ్యత ఆస్పత్రిది. ఇలాంటివి అరుదు. కాని లోపల క్రిములు చేరితే గంటలు కూడా లెక్కలోకి వస్తాయి. ఇంటిదగ్గర ఆ జ్వరాన్ని ముందుగా కనిపెట్టేది మీరే, మీ ఇంట్లోవాళ్ళే. "గాలి సోకింది, దిష్టి తగిలింది" అంటూ ఒక్క రాత్రి కూడా పోగొట్టుకోవద్దు. "ఊరికే వచ్చావు" అని ఎవరైనా కసిరినా సరే, వెళ్ళి చూపించుకోండి. అది మీ హక్కు.

ఇంటాయనకు ఒక మాట

అయ్యా! పొట్ట తెరవనక్కర్లేని ఆపరేషన్ మగవారికి ఉంది. ఇంతకన్నా తేలికైనది కూడా. అయినా ఆ భారం మీ ఇల్లాలు తన మీద వేసుకుంది. ఆమెకోసం వారం రోజులు నీళ్ళ బిందె మీరు మోయండి. చంటిదాన్ని మీరు ఎత్తుకోండి. నలుగురూ నవ్వితే నవ్వనివ్వండి. రాత్రిపూట ఒకసారి ఆమె ఒళ్ళు తాకి చూడండి, వేడిగా ఉందేమో.

నెల తర్వాత

నెల తిరిగాక గాని, మొదటి ముట్టు వచ్చాక గాని - ఏది ముందైతే అప్పుడు - ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి ఆపరేషన్ సర్టిఫికెట్ తీసుకోండి. దాన్నీ డిశ్చార్జి కాగితాన్నీ రేషన్ కార్డుతోపాటు భద్రపరచండి. వెయ్యిమందిలో సుమారు అయిదుగురికి మొదటి ఏడాదిలో ఆపరేషన్ విఫలమై గర్భం రావచ్చు. అందుకని ముట్టు తప్పితే రెండు వారాలలోపు పరీక్ష చేయించుకోండి. ముట్టు తప్పి, పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి వస్తే వెంటనే పెద్దాస్పత్రికి వెళ్ళండి. గర్భం గొట్టంలో నిలిచి ఉండవచ్చు, అది ప్రాణాపాయం. ఆపరేషన్ విఫలమైనా, ఇబ్బందులు తలెత్తినా పరిహారమిచ్చే ప్రభుత్వ పథకం ఉంది. దానికి ఈ కాగితాలే ఆధారం.

చదివాక జవాబు చెప్పుకోండి

1. కుట్లు విప్పించుకోవడం ఎన్నోనాడు?
2. బిందె ఎన్నాళ్ళు ఎత్తకూడదు? అన్నాళ్ళూ మీ ఇంట్లో ఎవరు ఎత్తుతారు?
3. అర్ధరాత్రి జ్వరం వస్తే ఎవరిని లేపుతారు? ఏ నంబరుకు ఫోన్ చేస్తారు?

రెండో, మూడో ప్రశ్నలకు జవాబులు ఈ కాగితంలో పూర్తిగా దొరకవు. ఇంట్లో అందరూ కూర్చుని ఈ పూటే చెప్పుకోండి.