బీమాలేని బండి ఢీకొన్నచో నష్టపరిహారము పొందు విధము

సంతనాడు రోడ్డు ప్రక్కన నిలిపియున్న కారును, ఇటుకలు దింపి వెనుకకు వచ్చుచున్న ట్రాక్టరు ట్రక్కు గుద్దినదనుకొందము. ఎవరికిని గాయములు లేవు. కారు తలుపు నొక్కుకొనిపోయినది. ట్రాక్టరుకు బీమా లేదు. ఇట్టి సమయమున పెద్దలు కూడి, ఎంతో కొంత ఇప్పించి ఇరువురను పంపివేయుట మన గ్రామములందు పరిపాటి. రాజీ మంచిదే. కాని మరమ్మతు ఖర్చెంతో మెకానిక్కు అంచనా వ్రాసి ఇయ్యక ముందే, తనకింకేమియు రావలసినది లేదని సంతకము చేసినవాడు పిదప చింతింపవలసివచ్చును.

1988 నాటి మోటారు వాహనముల చట్టము 146వ సెక్షను ప్రకారము, ఇతరులకు కలుగు నష్టమునకు బీమా లేని బండిని రోడ్డుపైకి తేరాదు. తెచ్చినచో మొదటిసారి మూడు మాసముల వరకు ఖైదు గాని, 2,000 రూపాయల జుల్మానా గాని, రెండును గాని విధింపవచ్చును. ఐతే ఆ జుల్మానా ప్రభుత్వమునకు పోవును. కారు యజమాని తన నష్టమును వేరుగా కోరుకొనవలసినదే.

అందుకు సాక్ష్యము కావలెను. బండ్లు కదలక ముందే ఫొటోలు తీయించి, నంబరును, చూచినవారి పేర్లను వ్రాసికొని, పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇయ్యవలెను.

కారుకు సమగ్ర బీమా ఉన్నచో తన కంపెనీకే తెలుపవచ్చును. సర్వేయరు చూడక ముందు మరమ్మతు చేయింపరాదు. చెల్లించిన సొమ్మును ట్రాక్టరు యజమాని నుండి రాబట్టుకొను హక్కు అప్పుడు కంపెనీకి సంక్రమించును. ఒకే నష్టమునకు రెండు చోట్ల సొమ్ము పొందుటకు వీలులేదు.

అట్టి బీమా లేనివారు మోటారు ప్రమాదముల క్లెయిముల ట్రిబ్యునలునకు పోవలెను. అది మరణములకు, గాయములకు మాత్రమేయని పలువురు తలంతురు. 165వ సెక్షనులో ఆస్తినష్టమును కలదు. పంచాయతీ దీపస్తంభమును బండి కూల్చినను ఇదే మార్గము. ప్రమాదము జరిగిన ఆరు మాసములలోగా దరఖాస్తు చేయవలెను. డ్రైవరును, యజమానిని ఇరువురను ప్రతివాదులుగా చేర్చవలెను. తీర్పు సొమ్ము చెల్లింపనిచో, ట్రిబ్యునలు ఇచ్చు సర్టిఫికెట్టుపై కలెక్టరు దానిని భూమిశిస్తు బకాయివలె వసూలు చేయును.

యజమాని ఎవరనునది మన గ్రామములలో చిక్కు ప్రశ్న. బండి అమ్మి, రిజిస్ట్రేషను మార్పింపక ఊరకుండువారెందరో! రికార్డులో పేరున్నవాడే బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. బీమాలేని బండిని పూచీ లేక విడువరాదనియు, మూడు మాసముల పిమ్మట వేలము వేసి ఆ సొమ్మును ట్రిబ్యునలులో జమచేయవలెననియు నిబంధన చేయుడని అదే సంవత్సరము రాష్ట్రములను ఆదేశించినది. కొద్దిపాటి ప్రీమియము మిగుల్చుకొనబోయి ట్రాక్టరునే పోగొట్టుకొను రైతు స్థితి ఊహింపదగినది.

తెలంగాణలో పల్లె ప్రగతి క్రింద గ్రామ పంచాయతీలకును ట్రాక్టర్లు వచ్చినవి. ప్రభుత్వ బండ్లకున్న బీమా మినహాయింపు పంచాయతీ బండికి దానంతటది వర్తింపదు. పాలసీ గడువు తేదీని కార్యదర్శి రిజిస్టరులో వ్రాసియుంచినాడో లేదో వచ్చు సమావేశమున సభ్యులు అడిగి చూడవచ్చును.