కలిపిన నమూనాలలో ఎవరి వాటా ఎంత?
మాంసకృత్తులను తూచే పద్ధతి - ఒక పాఠం

సభ్యులు పోసిన పాలు క్యానులో కలిసిన తరువాత ఏవి ఎవరివో చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే కలపకముందే ప్రతి సభ్యుని పాలనుండి నమూనా తీస్తాము. కాని పరిశోధనశాలలలో ఈనాడు అనేక నమూనాలను ఒకటిగా కలిపి, ఆ పిమ్మట ఏ నమూనాలో ఏ మాంసకృత్తు ఎంత ఉన్నదో విడదీసి చెప్పగలుగుతున్నారు. ఆ సంగతి ఈ పాఠంలో తెలుసుకొందాము.

మొత్తం లెక్క చాలదా?

ఆవుపాలలో మాంసకృత్తులు సుమారు 3.3 శాతం. వాటిలో అయిదింట నాలుగు వంతులు కేసీను. తక్కినవి పాలు విరిచినపుడు తేటలో మిగిలేవి. జెల్డాల్ పద్ధతిలో పాలలోని నత్రజనిని కనుగొని 6.38తో హెచ్చవేసి మాంసకృత్తుల లెక్క కడతారు. అయితే ఆ నత్రజని ఎక్కడనుండి వచ్చినదో ఈ పరీక్షకు తెలియదు. ఈ లోపాన్ని ఆసరా చేసుకొని చైనాలో నీళ్ళ పాలలో మెలమైను అనే రసాయనాన్ని కలిపారు. దాని బరువులో మూడింట రెండు వంతులు నత్రజనియే. 2008లో ఈ మోసం బయటపడేసరికి ఆరుగురు పసిపిల్లలు చనిపోయారు, సుమారు మూడు లక్షలమంది జబ్బుపడ్డారని ఆ ప్రభుత్వమే ప్రకటించింది. కావున మొత్తం ఎంత అన్నది చాలదు, ఏ పదార్థం ఎంత అన్నది తెలియాలి. అట్లు తెలిపే సాధనమే మాస్ స్పెక్ట్రోమీటరు.

యంత్రం చేసే పని

మొదట మాంసకృత్తులను ట్రిప్సిన్ అనే జీర్ణరసంతో చిన్న ముక్కలుగా కోస్తారు. ముక్కలకు విద్యుదావేశం ఎక్కించి యంత్రంలోకి పంపితే అది ఒక్కొక్క ముక్కను తూస్తుంది. ఆ ముక్కను మరల విరుగగొట్టి, అది ఏ మాంసకృత్తుకు చెందినదో గుర్తిస్తుంది.

కావడి ఉపమానం

నమూనాలు కలిపేముందు ఒక్కొక్క నమూనాలోని ముక్కలకు ఒక్కొక్క రకం రసాయన బిళ్ళ తగిలిస్తారు. పశువు చెవికి వేసే బిళ్ళ వంటిదే ఇదీ. 2003లో వెలువడిన ఈ పద్ధతిలోని కిటుకు ఏమనగా, బిళ్ళలన్నిటి బరువు ఒక్కటే. ఆరు కావడులు ఉన్నాయనుకొందాము. ఒకదానిలో ముందు కుండ ఖాళీ, వెనుక కుండలో 5 శేర్లు. రెండవదానిలో ముందు 1, వెనుక 4. ఈ వరుసన ఆరవదానిలో ముందు 5, వెనుక ఖాళీ. మొత్తంగా తూస్తే అన్నీ సమానమే. తాడు తెంపి ముందు కుండలను తూస్తే తేడా తెలుస్తుంది. ఆరు బిళ్ళల జతలో ఈ ముందు భాగాల బరువులు 126 నుండి 131 వరకు ఉంటాయి. 126 వద్ద గుర్తు ఎంత ఎత్తున వస్తే మొదటి నమూనాలో ఆ మాంసకృత్తు అంత ఎక్కువ. 2021 నాటికి ఒకేసారి 18 నమూనాలు కలిపే బిళ్ళలు వచ్చాయి.

కలపడం వలన లాభం

గెర్బరు పరీక్షలో సెంట్రిఫ్యూజి ఈరోజు ఒక వేగంతో, రేపు మరొక వేగంతో తిరిగితే వెన్న శాతాలను సరిపోల్చలేము. ఒకే ఆవృత్తిలో తిరిగిన గొట్టాలకు ఆ చిక్కు లేదు. ఇక్కడా అంతే. పొదుగువాపు వచ్చిన పశువు పాలలో లాక్టోఫెర్రిన్, రక్తపు ఆల్బుమిన్ పెరుగుతాయి. ఆరోగ్యమైన పశువుల పాలతో పక్కపక్కనే పోల్చితేనే ఆ పెరుగుదల స్పష్టపడుతుంది.

గుర్తుంచుకోవలసినవి

1. ఈ పద్ధతి పరిశోధనకు ఉద్దేశించినది. సంఘంలో రోజువారీ పాల ధరకు వెన్న, ఎస్.ఎన్.ఎఫ్. పరీక్షలే ఆధారం.

2. ఇది ముఖ్యంగా నమూనాల మధ్య నిష్పత్తిని చెబుతుంది. ఒకే బరువు గల వేరే ముక్కలు వెంట చొరబడితే తేడాలు ఉన్నదానికంటె తక్కువగా కనిపిస్తాయి.

3. నమూనాలు బిళ్ళల రకాలకు మించితే జట్లుగా చేసి, ప్రతి జట్టులోను ఒకే ఉమ్మడి నమూనాను ఉంచి సరిచూస్తారు.

4. బిళ్ళ తారుమారైతే ఎంత ఖరీదైన యంత్రమైనా దిద్దలేదు. మన సీసాల నంబర్లకూ ఇదే వర్తిస్తుంది. పాలు బాగా కలియబెట్టకుండా తీసిన నమూనా, తప్పు నంబరు వేసిన సీసా ఒక సభ్యుని కష్టాన్ని మరొకరి ఖాతాలో వేస్తాయి. కనుక సభ్యులు తమ నమూనా తీసేటప్పుడు దగ్గర నిలిచి, నంబరు చూసుకొని వెళ్ళవలెనని కోరుతున్నాము.